సమాధికి దారి: హెబ్రోనులో ఏడో మెట్టు

మా నాన్న దస్తావేజు లేఖరి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా వేపచెట్టు కింద ఒక రేకుల షెడ్డు, అందులో వాలుబల్ల, స్టాంపు పేపర్ల కట్ట, వేలిముద్రల ఇంకు ప్యాడు. ముప్పై ఏళ్లకు పైగా అదే ఆయన లోకం. నాయనమ్మకు చూపు మందగించాక రోజూ రాత్రి ఆమెకు బైబిలు చదివి వినిపించేది కూడా ఆయనే. ఒక రాత్రి ఆదికాండం 23వ అధ్యాయం వచ్చింది. సగం చదివి ఆగిపోయాడు. "అమ్మా, ఇది దస్తావేజే. మా పని తెలిసినవాడెవడో రాశాడు" అన్నాడు.

నాయనమ్మ "చదవరా ముందు" అంది. నాన్న మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు, ఈసారి వేళ్లు మడుస్తూ. అమ్మేవాడి పేరు, తండ్రి పేరుతో సహా: సోహరు కొడుకు ఎఫ్రోను. కొనేవాడు అబ్రాహాము. ఆస్తి ఎక్కడుంది: మమ్రేకి ఎదురుగా, మక్పేలాలో. ఏమేం వస్తాయి: పొలం, పొలం చివరి గుహ, హద్దుల లోపల ఉన్న ప్రతి చెట్టు. ప్రతిఫలం ఎంత: నాలుగు వందల తులాల వెండి. సాక్షులు: ఊరి గవిని దగ్గర కూర్చున్న హేతు కుమారులందరూ. ఎందుకు కొన్నాడు: శ్మశానం కోసం. నాన్న రాసే దస్తావేజుల్లో "నిధి నిక్షేప జల తరు పాషాణ..." అంటూ ఒక పొడుగాటి వరస ఉంటుంది. నేలతోపాటు చెట్టూ రాయీ నీరూ కొన్నవాడికే చెందుతాయని చెప్పడానికి. ఆదికాండం రాసినవాడు కూడా చెట్లు మర్చిపోలేదని ఆయన సంతోషం.

నాకప్పుడు పదమూడేళ్లు. ఆ గుహ నా తలలో అప్పుడు దిగింది, మళ్లీ పోలేదు. ఆ గుహ హెబ్రోను ఊళ్లో ఉంది, యూదులూ ముస్లింలూ ఇద్దరూ తమదంటారు. నేను అక్కడికి వెళ్లలేదు. కానీ ఆ స్థలం గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చాను. చదివేకొద్దీ ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. ఈ దస్తావేజును చూపించి ఎదుటివాణ్ని బయటికి పొమ్మనేవాళ్లు, ఈ దస్తావేజే లేదన్నట్టు మాట్లాడేవాళ్లు, ఇద్దరూ దాన్ని సరిగా చదవలేదు.

ముందు ఆ అమ్మకం సంగతి చూద్దాం. శారా 127 ఏళ్లు బతికి హెబ్రోనులో చనిపోయింది. దేశమంతా నీ సంతానానికి ఇస్తానని దేవుడు మాటిచ్చిన మనిషి అబ్రాహాము. భార్య శవం ఎదురుగా ఉంది, పాతిపెట్టడానికి అడుగు నేల సొంతం లేదు. వెళ్లి ఊరివాళ్ల ముందు వంగి నమస్కారం చేసి, నేను మీ మధ్య పరదేశిని, పరవాసిని అని మొదలుపెట్టాడు. ఎఫ్రోను ఊరందరి ముందు పెద్దమనసు చూపించాడు. పొలమూ ఇస్తున్నాను, గుహా ఇస్తున్నాను, ఊరికే తీసుకో అన్నాడు. అబ్రాహాము వద్దు, వెల చెప్పమన్నాడు. అప్పుడు ఎఫ్రోను అన్న మాట వింటే మనవాళ్లకి వెంటనే అర్థమవుతుంది: నాలుగు వందల తులాల నేల, నీకూ నాకూ మధ్య అదెంత?

"మీ దగ్గర డబ్బులు తీసుకుంటామా అండీ, మీకు తోచింది ఇవ్వండి" అంటూనే గట్టి రేటు చెవిన వేసేవాళ్లను నాన్న షెడ్డులో ఎంతమందిని చూశానో. నాలుగు వందలు చిన్న మొత్తం కాదు. చాలా తరాల తర్వాత యిర్మీయా ప్రవక్త అనాతోతులో ఒక పొలం కొన్నది 17 తులాలకి. రెండు పొలాల సైజు ఒకటి కాకపోవచ్చు గానీ తేడా మాత్రం కళ్లకు కొడుతుంది. అబ్రాహాము బేరమాడలేదు. వర్తకుల్లో చెల్లే వెండి తూచి ఇచ్చాడు. యూదుల ధర్మచర్చల గ్రంథం తల్ముదు. దాని పండితులు కూడా ఎఫ్రోనును వదల్లేదు. నోటితో ఎంతో ఇచ్చాడు, చేత్తో కాస్త కూడా ఇవ్వలేదు అన్నారు. వెండి తూచి ఇచ్చిన చోట హీబ్రూలో ఎఫ్రోను పేరులోంచి ఒక అక్షరం తగ్గిపోయి ఉంటుంది. పేరు చిన్నదైంది అందుకే అని వాళ్ల వ్యాఖ్యానం.

ఇక్కడొక చిన్న విషయం చెప్పాలి. హీబ్రూలో ఉన్నది షెకెలు. మన తెలుగు బైబిలు దాన్ని తులం చేసింది. యూదా రాజ్యపు తవ్వకాల్లో దొరికిన షెకెలు తూకపు రాళ్లు ఒక్కోటి 11.3 గ్రాముల దగ్గర తూగుతాయి. మన తులం 11.66 గ్రాములు. అనువదించినవాళ్లు ఎంత సరైన మాట పట్టుకున్నారో! నాలుగు వందలంటే సుమారు నాలుగున్నర కిలోల వెండి.

యూదులకి ఈ అమ్మకం పాత కథ మాత్రమే కాదు. పెళ్లిలో వరుడు వధువుకి ఉంగరం తొడుగుతాడు కదా, విలువ ఉన్న వస్తువు ఇచ్చి పెళ్లాడటం అనే ఆ పద్ధతికి తల్ముదు ఆధారం వెతికింది ఇక్కడే. ధర్మశాస్త్రంలో పెళ్లి గురించి చెప్పేచోట "తీసుకోవడం" అనే క్రియ ఉంది. ఎఫ్రోనుతో అబ్రాహాము, పొలం వెల ఇస్తున్నాను, నా దగ్గర తీసుకో అన్నచోట కూడా అదే క్రియ. ఆ మాటను ఈ మాటకు ముడివేశారు. భార్యకు సమాధి కొన్న మొగుడి మాటలోంచి కొత్త జంట పెళ్లి పుట్టింది. యూదు గ్రంథాల్లో నాకు చాలా ఇష్టమైన చోట్లలో ఇదొకటి.

మక్పేలా అనే పేరుకే జంట, రెండింతలు అని అర్థం వస్తుంది. గుహలు రెండా, ఒకదాని పైన ఒకటా, ఒకదాని లోపల ఒకటా అని పండితులు వాదించుకున్నారు. అది కాదు, లోపల ఉన్నది జంటలు అన్నారు ఇంకొందరు. అబ్రాహాము శారా, ఇస్సాకు రిబ్కా, యాకోబు లేయా, ఈ మూడు జంటల సంగతీ ఆదికాండంలోనే ఉంది. ఆదాము హవ్వ కూడా అక్కడే ఉన్నారని తల్ముదు సంప్రదాయం చేర్చింది. నాలుగు జంటలు, అందుకే ఆ ఊరికి కిర్యతర్బా, అంటే నాలుగు ఊరు అని పేరు అంటారు. యాకోబు ప్రాణంగా ప్రేమించిన రాహేలు మాత్రం ఇక్కడ లేదు. ఆమె బేత్లెహేము దారిలో కాన్పులో చనిపోయింది. దారి పక్కనే పాతిపెట్టారు. ఐగుప్తులో చావుపడక మీద ఉన్న యాకోబు, నన్ను మా తండ్రుల దగ్గర పెట్టండి అని కొడుకులకు చెబుతూ పేర్లన్నీ వరసగా చెప్పి, అక్కడే లేయాను పాతిపెట్టాను అంటాడు. ప్రేమ దక్కని లేయాకి చివరికి పక్కన చోటు దక్కింది. అది చదివినప్పుడు నాయనమ్మ కళ్లు తుడుచుకోవడం నాకు గుర్తుంది.

యూదులు రోజుకు మూడుపూటలా చేసే ప్రార్థన అబ్రాహాము దేవా, ఇస్సాకు దేవా, యాకోబు దేవా అని మొదలవుతుంది. పొద్దుటి ప్రార్థన అబ్రాహాముది, మధ్యాహ్నానిది ఇస్సాకుది, రాత్రిది యాకోబుది అని కూడా చెబుతారు. రోజూ తలిచే ఆ ముగ్గురూ ఒకేచోట పడుకుని ఉన్నారన్న నమ్మకంతోనే యెరూషలేము, సఫేదు, తిబెరియాలతోపాటు హెబ్రోను యూదుల నాలుగు పవిత్ర నగరాల్లో ఒకటయింది. దావీదు యెరూషలేముకి వెళ్లకముందు ఏడున్నరేళ్లు ఏలింది కూడా ఇక్కడినుంచే. మొదటి యాత్రికుడు ఎవరంటే కాలేబు అంటారు. మోషే పంపిన పన్నెండు మంది వేగులవాళ్లు దేశం చూడటానికి వెళ్లినప్పుడు, "వెళ్లారు" అని రాస్తూ వచ్చినవాడు హెబ్రోను దగ్గరికి వచ్చేసరికి "వెళ్లాడు" అని ఏకవచనం వాడాడు. ఆ ఒక్క క్రియ పట్టుకుని, కాలేబు ఒంటరిగా వెళ్లి పూర్వీకుల సమాధుల దగ్గర ప్రార్థన చేశాడు, మిగతావాళ్ల కుట్రలో పడకుండా కాపాడమని వేడుకున్నాడు అని తల్ముదు చెబుతుంది.

ఇప్పుడు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకపోతే నేను ఇంత పట్టుదలగా ఎందుకు రాస్తున్నానో తెలియదు.

మా తాత సమాధి పొలంలోనే ఉంది. అప్పుల వల్ల ఆ ఎకరం అమ్మాల్సి వచ్చినప్పుడు దస్తావేజు నాన్నే రాశాడు. సమాధి ఉన్న రెండు సెంట్లు మినహాయించి, డొంక నుంచి సమాధి దాకా ఆరడుగుల దారి హక్కు అమ్మినవాళ్లకీ వాళ్ల వారసులకీ ఉంటుందని స్పష్టంగా రాశాడు. కొన్నవాళ్లు మంచివాళ్లు. కొన్నాళ్లకి వాళ్లు ఇంకొకరికి అమ్మారు. వచ్చినవాళ్లు చుట్టూ ముళ్లకంచె వేశారు. నవంబరు 2న సమాధుల పండక్కి సున్నం బకెట్టు, బ్రష్షు, కొవ్వొత్తులు, బంతిపూలు పట్టుకుని వెళ్తే దారి లేదు. అడిగితే, పంట ఉంది, తొక్కుతారు అన్నారు. నాన్న కంచె బయట నిలబడి, "ఆరడుగులు నేనే రాశాను, నా చేత్తో నేనే రాశాను" అని రెండుసార్లు అన్నాడు. తర్వాత పూలు ఒక్కొక్కటీ కంచె మీదుగా విసిరాడు. ఒక్కటి కూడా సమాధి దాకా చేరలేదు. కొవ్వొత్తులు కంచె రాటల మొదళ్లలో వెలిగించి వచ్చేశాం. నాలుగేళ్లకి ఆ కంచెకు చిన్న గేటు పెట్టారు. తాళంచెవి వాళ్ల దగ్గరే. ఇప్పటికీ అడిగి తీసుకోవాలి.

సమాధి విషయంలో నేల ఎవరి పేరున ఉందన్నది రెండో ప్రశ్న. దారి ఉందా లేదా అన్నదే మొదటిది. హెబ్రోను చరిత్రను నేను చదివింది ఆ కంచె దగ్గర నిలబడే.

హెబ్రోను యెరూషలేముకి దక్షిణాన 30 కిలోమీటర్ల దూరంలో, కొండల మధ్య ఉంది. ఆ గుహ మీద ఇప్పుడు మనకు కనిపించే పెద్ద ప్రాకారం రెండు వేల ఏళ్ల నాటిది. రాళ్లు చెక్కిన తీరు అచ్చం యెరూషలేము ఆలయ ప్రాంగణపు గోడల్లా ఉండటంతో హేరోదు రాజు కట్టించిందని అందరూ ఒప్పుకుంటారు. సుమారు 60 మీటర్ల పొడవు, 34 మీటర్ల వెడల్పు, రెండు మీటర్లకు పైగా మందం. యెరూషలేము ఆలయం పోయింది. ఇది అలాగే నిలబడింది. ఆ గోడల లోపల బైజాంటిన్ క్రైస్తవులు చర్చి కట్టారు. ముస్లింలు వచ్చాక మసీదు అయింది. యూరపు నుంచి దండెత్తిన క్రైస్తవులు, క్రూసేడర్లు, వచ్చి మళ్లీ చర్చి చేశారు. ముస్లిం సుల్తాను సలాదీన్ వచ్చి మళ్లీ మసీదు చేశాడు, అష్కెలోను నుంచి 1091 నాటి చెక్క మింబరు (మసీదులో ప్రసంగ వేదిక) తెప్పించి అక్కడ పెట్టించాడు. అది ఇప్పటికీ ఉంది. చేతులు ఎన్ని మారినా ఆ గోడలు పడగొట్టాలని ఎవరికీ అనిపించలేదు. అందరూ లోపల ఉన్నవాళ్లను తమ పెద్దలే అనుకున్నారు మరి.

1047లో పారశీక యాత్రికుడు నాసిర్ ఖుస్రో అక్కడికి వెళ్లాడు. వచ్చిన ప్రతివాడికీ ఒక రొట్టె, ఆలివ్ నూనెతో వండిన గిన్నెడు పప్పు, ఎండుద్రాక్ష పెడతారని రాశాడు. అబ్రాహాము గుడారానికి వచ్చిన అతిథిని ఆకలితో పంపలేదు కాబట్టి ఆయన సమాధి దగ్గర కూడా పంపకూడదని. నిత్యాన్నదానమే కదా అది. ఇబ్రాహీము పేరు మీద ఆ ఊళ్లో అన్నసత్రం ఈనాటికీ నడుస్తోంది.

క్రూసేడర్ల కాలంలో, 1165 ప్రాంతంలో, యూదు తత్వవేత్త మైమోనిడీస్ గుహకు వెళ్లి తండ్రుల సమాధులను ముద్దుపెట్టుకుని, ఆ రోజును బతికినంతకాలం పండగలా జరుపుకుంటానని మొక్కుకున్నాడు. కొన్నేళ్లకు తుదేలా నుంచి వచ్చిన బెన్యామీను అనే యాత్రికుడు ఇంకో సంగతి రాశాడు. పైన అందరికీ చూపించేవి ఉత్త గుర్తులట. యూదుడు వచ్చి కావలివాడికి కాస్త డబ్బిస్తే ఇనప తలుపు తీస్తాడట. కొవ్వొత్తి పట్టుకుని దిగితే మూడో గుహలో అసలు సమాధులు ఉంటాయట. పెద్దల సమాధి చూడటానికి లంచం ఇవ్వాల్సిరావడం అన్యాయమే. అయినా దారి అన్నది ఒకటి ఉంది అప్పటికి.

1267లో అదీ పోయింది. ఐగుప్తును ఏలిన మమ్లూక్ సుల్తాను బైబర్స్, యూదులూ క్రైస్తవులూ లోపల అడుగుపెట్టకూడదని హుకుం ఇచ్చాడు. యూదులు బయట గోడ పక్క మెట్ల మీద ఐదో మెట్టు దాకా ఎక్కవచ్చు, అంతే. కొంతకాలానికి అది ఏడో మెట్టు దాకా అయింది. రెండు మెట్ల దయ! ఆ ఏడో మెట్టు సుమారు 700 ఏళ్లు నిలిచింది. సుల్తానులు పోయారు, తుర్కులు వచ్చారు, వాళ్లూ పోయి ఇంగ్లీషువాళ్లు వచ్చారు, తర్వాత జోర్డాను వచ్చింది. 1862లో ఇంగ్లండు యువరాజుకి, తర్వాత ఏడో ఎడ్వర్డ్ అయిన ఆయనకి, ప్రత్యేక అనుమతి దొరికింది. ఆ పెద్దల పేర్లు మూడుపూటలా తలిచే యూదు ముసలమ్మకి దొరకలేదు.

మెట్ల పక్క గోడలో ఒక రంధ్రం ఉండేది. అది గుహ దాకా వెళ్తుందని నమ్మకం. రోగం తగ్గాలని, బిడ్డ పుట్టాలని, కొడుకు ఇల్లు చేరాలని కాగితం ముక్క మీద రాసి అందులోకి దూర్చేవాళ్లు. తరాల తరబడి. మా నాన్న విసిరిన బంతిపూలు నాకు అక్కడ కనిపిస్తాయి.

ఈ 700 ఏళ్లను దాటేసి మాట్లాడేవాళ్లంటే నాకు కోపం వస్తుంది. 2017లో యునెస్కో హెబ్రోను పాత పట్టణాన్ని పాలస్తీనా పేరున ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు గొడవ జరిగింది. ఊరు పాలస్తీనా ఊరే, అందులో అబద్ధం లేదు. కానీ ఆ సందర్భంలో, ఇది మసీదే, యూదులకి దీంతో ఏం పని అన్న మాటలు కూడా విన్నాను. మెట్టు మీద నిలబడి ఏడు శతాబ్దాలు కాగితాలు దూర్చినవాళ్లకి పని లేదా? అబ్రాహాము నిజంగా ఉన్నాడనడానికి తవ్వకాల్లో రుజువేదని అడిగేవాళ్లూ ఉన్నారు. ఆ ప్రశ్న చరిత్రకారుడు అడగవచ్చు. కానీ తలుపు దగ్గర నిలబడినవాణ్ని ఆపడానికి ఆ ప్రశ్న పనికిరాదు. అలా అయితే అదే తలుపులోంచి నమాజుకు వెళ్లేవాణ్ని కూడా ఆపాలి. ఆయన నమ్మేదీ ఆ అబ్రాహామునే.

రెండోవైపు వాదన దస్తావేజుది. పాత యూదు వ్యాఖ్యానం ఒకటుంది: మూడు స్థలాల గురించి, మీరు దొంగిలించారు అని ఏ జనమూ అనలేదు, ఎందుకంటే డబ్బిచ్చి కొన్నవి. ఒకటి మక్పేలా గుహ, రెండు ఆలయ స్థలం, మూడు యోసేపు సమాధి. ఈ వాక్యాన్ని ఈ రోజుల్లో కొందరు తాళంచెవిలా వాడుతున్నారు. మేం కొన్నాం, కాబట్టి మాదే, మీరు పొండి అని. నేను దస్తావేజు లేఖరి ఇంట్లో పుట్టాను కాబట్టి ఆ వాదనను తేలిగ్గా తీసుకోను. కొన్నది నిజమని నమ్మితే, హక్కు నిజమే. కానీ కొన్నవాడికి వారసులెవరు?

అబ్రాహాము చనిపోయినప్పుడు ఏం జరిగిందో రెండు అధ్యాయాల తర్వాత, 25లో, రాసి ఉంది. ఆయన కొడుకులు ఇస్సాకు, ఇష్మాయేలు ఆయన్ని మక్పేలా గుహలో పాతిపెట్టారు. ఇద్దరూ. చిన్నప్పుడు తల్లితోపాటు ఒక రొట్టె, ఒక నీళ్ల తిత్తితో ఎడారిలోకి వెళ్లగొట్టబడిన ఇష్మాయేలు తండ్రి పాడె దగ్గరికి వచ్చాడు. ఏ పొద కింద చావు దగ్గరికి వెళ్లొచ్చాడో అదంతా పక్కన పెట్టి వచ్చాడు. ఆస్తంతా ఇస్సాకుకే ఇచ్చాడు కదా అని ఎవరైనా అనొచ్చు. అవును, అదే అధ్యాయంలో ఆ మాటా ఉంది. కానీ మన ఊళ్లలో చూడండి. పంపకాల్లో చెయ్యి ఖాళీగా మిగిలిన కొడుకు కూడా తండ్రి పాడె కొమ్ము పడతాడు. వద్దనే ధైర్యం ఎవరికీ ఉండదు. ఆ వాక్యంలో ఇస్సాకు పేరు ముందు రావడం చూసి తల్ముదు పండితులు, పెద్దవాడైన ఇష్మాయేలు తమ్ముణ్ని ముందు నడవనిచ్చాడు, అంటే మనసు మార్చుకున్నాడు అన్నారు. చూశారా, యూదు పండితులే సమాధి ముందు ఇష్మాయేలుకి గౌరవం ఇచ్చారు. ముస్లింలు తమ మూలం వెతుక్కునేది ఆ ఇష్మాయేలు ద్వారానే. ఆ తర్వాత ఇస్సాకును పాతిపెట్టినప్పుడు కూడా ఇద్దరు వచ్చారు. ఏశావు, యాకోబు. వాళ్లూ పగబట్టి విడిపోయినవాళ్లే.

అదే ఏశావు గురించి తల్ముదులో ఇంకో కథ ఉంది. నాన్నకి చెబితే చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు. యాకోబు శవాన్ని ఐగుప్తు నుంచి మోసుకొస్తే ఏశావు గుహ దగ్గర అడ్డుపడ్డాడట. అందులో మిగిలిన చోటు నాది అన్నాడట. నీ వంతు అమ్మేశావు కదా అంటే, కాగితం చూపించండి అన్నాడట. కాగితం ఐగుప్తులో ఉంది. లేడిలా పరిగెత్తే నఫ్తాలిని తెమ్మని పంపారు. శవం అక్కడే ఉంది. దాను కొడుకు హుషీముకి వినబడదు. ఏం జరుగుతోందని సైగ చేసి అడిగాడు. చెప్పారు. "నఫ్తాలి ఐగుప్తు నుంచి వచ్చేదాకా మా తాత ఇలా అవమానంగా పడి ఉండాలా?" అని దుడ్డుకర్ర తీసుకుని ఏశావు తల మీద కొట్టాడు.

ఈ కథలో పండితులు ఎవరి పక్షమో నాకు తెలుసు. కానీ నాకు కనిపించేది వేరు. కాగితం కోసం మనిషి పరిగెడుతుండగా, సమాధి గుమ్మంలో, ఒకే వంశం వాళ్ల మధ్య రక్తం పడింది. ఎప్పుడో రాసుకున్న ఈ కథ 20వ శతాబ్దంలో ఆ ఊళ్లో రెండుసార్లు నిజమైంది.

1929 ఆగస్టు 24న హెబ్రోనులో తరతరాలుగా ఉంటున్న యూదుల ఇళ్ల మీద పడి 67 మందిని చంపారు. ఆ రోజే అరబ్బు పొరుగువాళ్లు ఎంతోమంది యూదులను తమ ఇళ్లలో దాచి బతికించారు. మిగిలినవాళ్లను ఇంగ్లీషు ప్రభుత్వం ఊరు ఖాళీ చేయించింది. కొన్ని కుటుంబాలు తిరిగొచ్చినా 1936కల్లా వాళ్లూ పోయారు. 1994 ఫిబ్రవరి 25న, రంజాన్ నెల శుక్రవారం తెల్లవారుజామున, ఇస్సాకు సమాధి ఉన్న హాల్లో నమాజులో వంగి ఉన్నవాళ్ల మీద పాలస్తీనా నేల మీద వచ్చి స్థిరపడిన ఒక యూదు సెటిలర్ తుపాకీతో కాల్పులు జరిపి 29 మందిని చంపాడు. వాడి పేరు నేను రాయను. చనిపోయినవాళ్లు ఎవరి ఇంట్లో చనిపోయారు? వాళ్ల పెద్దాయన ఇంట్లోనే కదా.

మధ్యలో 1967 ఉంది. పొరుగు అరబ్బు దేశాలతో జరిగిన జూన్ యుద్ధంలో ఇజ్రాయేలు సైన్యం హెబ్రోనులోకి వచ్చాక యూదులు మళ్లీ లోపలికి వెళ్లారు. ఏడో మెట్టు నిబంధన అక్కడితో పోయింది, మరుసటి ఏడు ఆ మెట్లనే తీసేశారు. 700 ఏళ్ల అవమానం తీరినందుకు ఏడ్చినవాళ్ల ఏడుపు నాకు అర్థమవుతుంది. కానీ దారి తెరిచింది సైన్యం కాబట్టి ఆ దారి మీద సైన్యం ఉండిపోయింది. 1997 ఒప్పందంతో ఊరు రెండు భాగాలైంది. సమాధుల చుట్టూ ఉన్న భాగం ఇజ్రాయేలు సైన్యం చేతిలో ఉంది. ఇప్పుడు ఆ ఊళ్లో పుట్టి పెరిగిన ముస్లిం తన మసీదుకి నమాజుకు వెళ్లాలంటే చెక్‌పోస్టు దాటాలి, తిరిగే ఇనప గేటు దాటాలి, కాగితం చూపించాలి. ఇది కూడా మెట్లు లెక్కపెట్టడమే. అప్పుడు తప్పు అయింది ఇప్పుడు ఒప్పు ఎలా అవుతుంది? భద్రత అంటారు. 1994 తర్వాత రెండు వర్గాలనూ వేరువేరుగా ఉంచకపోతే ఇంకెన్ని ప్రాణాలు పోయేవో, కాబట్టి ఆ మాటను నేను కొట్టిపారేయను. ప్రాణం నిలబెట్టే గోడ కొన్నాళ్లు అవసరమే. కానీ దాన్నే ఆ స్థలం ధర్మం అని చెబితే మాత్రం ఒప్పుకోను.

1968 అక్టోబరులో ఒక పన్నెండు, పదమూడేళ్ల అమ్మాయిని తాడు కట్టి గుహలోకి దించారు. మసీదు నేలలో ఉన్న రంధ్రం వెడల్పు 28 సెంటీమీటర్లే, పెద్దవాళ్లు పట్టరు. చేతిలో టార్చి, కెమెరా. చిన్న గది, మూడు రాతి పలకలు, ఒక సన్నటి నడవ, పైకి వెళ్లే 16 మెట్లు, ఆ మెట్ల చివర మూసేసిన నేల. ఆమెకు కనిపించినవాటిలో ఇంకొకటి ఉంది: నేల మీద కాగితాలు, నాణేలు. పై నుంచి శతాబ్దాలుగా జారవిడిచిన మొక్కుబడులు. ఆ రంధ్రం మసీదు లోపలిది. అంటే ముస్లింలు కూడా అచ్చం యూదుల్లాగే కాగితం మీద రాసి ఆ చీకట్లోకి వదిలారు. గోడకి ఆ పక్కన వీళ్లు, ఈ పక్కన వాళ్లు, ఒకే పెద్దాయనకి ఉత్తరాలు రాసుకున్నారు.

ఆ ఊరి పేర్లు కూడా అలాంటివే. హెబ్రోను అన్న మాటలో స్నేహితుడు, కలయిక అనే అర్థం వచ్చే హీబ్రూ ధాతువు వినిపిస్తుంది. అరబ్బీలో ఆ ఊరు అల్ ఖలీల్. ఖలీల్ అంటే స్నేహితుడు. ఇబ్రాహీమును దేవుడు స్నేహితుడిగా చేసుకున్నాడని ఖురాను చెబుతుంది.

ఇప్పుడు అక్కడ ఏర్పాటు ఇలా ఉంది. ఇస్సాకు, రిబ్కాల హాలు ముస్లింలది. అబ్రాహాము, యాకోబుల వైపు యూదులది. ఏడాదిలో పది రోజులు భవనమంతా యూదులది, పది రోజులు అంతా ముస్లింలది. ఆ రోజుల్లో రెండోవాళ్లు లోపలికి రారు. ముస్లింల రోజుల్లో రంజాన్ శుక్రవారాలు, రెండు ఈద్‌లు ఉంటాయి. యూదుల రోజుల్లో ఒకటి, ఆదికాండం 23 చదివే విశ్రాంతిదినం, అంటే శనివారం. శరదృతువు చివర్లో వస్తుంది. వేలాది మంది వచ్చి చుట్టూ గుడారాలు వేసుకుంటారు. ఊరివాళ్ల రాకపోకల మీద అప్పుడు ఆంక్షలు పెరుగుతాయి, అది నన్ను బాధపెడుతుంది. కానీ కొన్న స్థలంలోనే నిలబడి, కొన్న దస్తావేజును, వెల, హద్దులు, చెట్లు, సాక్షులతో సహా పైకి చదువుతారన్న సంగతి చెప్పినప్పుడు నాన్న మొహం వెలిగిపోయింది. "వారసులందరి ముందూ చదవాలి మరి. ఇద్దరూ ఉంటారా?" అని అడిగాడు. ఆ రోజు ఉండరు అన్నాను.

అబ్రాహాము సమాధి గది రెండు హాళ్ల మధ్యలో ఉంది. అలంకారం చేసిన గుడ్డ కప్పిన రాతి కట్టడం. దానికి యూదుల వైపు ఒక ఇనప జాలీ కిటికీ, ముస్లింల వైపు ఒక జాలీ కిటికీ. మధ్యలో బుల్లెట్లు తగలకుండా మందపాటి అద్దం. ఒక కిటికీ దగ్గర నిలబడి చూస్తే సమాధి కనిపిస్తుంది, దాని అవతల రెండో కిటికీ, ఆ జాలీకి నుదురు ఆనించి పెదవులు కదుపుతున్న ఇంకో మనిషి.